పీసీఆర్ మెషిన్ గారూ, మా ఇంట్లో కంచాన్ని కూడా ఓసారి చూస్తారా

పీసీఆర్ మెషిన్ గారికి నమస్కారం,

రక్తంలో వైరస్ డీఎన్ఏ ఎంతుందో లెక్క తేల్చే మీరు వైజాగ్ మహారాణిపేట ల్యాబులో ఏసీ రూములో ఉంటారు, మేం బయట ఉక్కపోతలో టోకెన్ పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీల్లో ఉంటాం. అయినా మీదీ సుఖమైన బతుకేం కాదులెండి, 95 డిగ్రీలకి కాగడం, 60కి చల్లారడం, మళ్లీ కాగడం, ఇలా నలభై సార్లట, మే నెలలో కరెంటు పోయి వస్తుంటే మా పరిస్థితీ అదే.

రక్తదానం క్యాంపుకి వెళ్తే నాకు హెపటైటిస్ బి పాజిటివ్ అన్నారు, వైరస్ ఎంతుందో చూడాలి డీఎన్ఏ టెస్ట్ చేయించు అన్నారు డాక్టరు గారు. సరే అని ఇస్తే మూడో రోజు ఫోను, "సార్, శాంపిల్ రిజెక్ట్ అయింది, మళ్లీ రండి" అని. ఆకుపచ్చ మూత ట్యూబులో తీశారంట, దాంట్లో రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ఉంటుంది, అది తమరికి పడదు, ఊదా మూతది కావాలి. మా మావయ్యకి వంకాయ పడదు, కానీ ఆయన ముందే చెప్తాడండీ, తినేశాక కాదు.

1983లో కారీ మల్లిస్ అనే ఆయనకి రాత్రి కారు నడుపుతుంటే మీ ఐడియా తట్టిందట, 1993లో నోబెల్ ఇచ్చారు. ఎన్ఏడీ జంక్షన్ లో గంట ఇరుక్కున్నా మాకు పెట్రోలు తప్ప ఇంకోటి తట్టదు. ఒక్క డీఎన్ఏ ముక్క ఇస్తే రౌండుకి రెట్టింపు చేసుకుంటూ 30 రౌండ్లకి 107 కోట్లు చేస్తారంటే గొప్పే, కానీ ఆ విద్య మా అత్తయ్యకి ఎప్పట్నుంచో వచ్చు, పొద్దున్న కంచరపాలెంలో అన్న మాట సాయంత్రానికి గాజువాకలో వినిపిస్తది.

రిపోర్టులో 1,240 ఐయూ అని వేశారు. రెండు వేల లోపే, లివర్ బాగుంది, ఇప్పుడు మందు అక్కర్లేదు, మళ్లీ చూద్దాం అన్నారు డాక్టరు గారు. ఐయూ అంటే కొలతకి పెట్టుకున్న యూనిట్, పురుగుల లెక్క కాదు. అత్తయ్యకి ఎవరు చెప్తారు? "ఏటి బాబూ, పన్నెండొందల పురుగులా!" అని ఆ పూటే నా కంచం వేరు చేసేశారు, పొరపాటున కలవకుండా దాని అడుగున మా ఆవిడ నెయిల్ పాలిష్ తో ఎర్ర చుక్క పెట్టి మరీ. కంచం వల్ల రాదండీ, రక్తం వల్ల వస్తది అని నేనూ డాక్టరు గారూ ఎంత చెప్పినా "మీకేటి తెలుసు" అన్నారు.

నిన్న పొద్దున్న చూస్తే బాత్రూంలో మా బావమరిది నా రేజరుతో గడ్డం గీసుకుంటున్నాడు. "నీ బ్లేడు బాగా తెగుతోంది బావా" అంటాడు. లాక్కుని చెత్తలో పడేశా, వాణ్ణి ఇప్పుడు టెస్టుకీ టీకాకీ తీసుకెళ్తున్నా. వెనక నుంచి అత్తయ్య అరుస్తున్నారు, నా మంచినీళ్ల గ్లాసు మర్చిపోయానంట.

ఇట్లు
ఎర్ర చుక్క కంచం