ఆ విమానాలకు నీడ కావాలి

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నౌకాదళం నుంచి రిటైరైన టీయూ-142 నిఘా విమానం ఉంటుంది. రోడ్డు దాటితే సముద్రమే. 53 మీటర్ల పొడవు, రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 50 మీటర్లు. 1988లో నౌకాదళంలో చేరి 29 ఏళ్లు హిందూ మహాసముద్రం మీద కాపలా కాసింది ఈ రకం విమానమే. 30,000 గంటలు ఎగిరినా ఒక్క ప్రమాదం లేదన్నది దాని చరిత్ర. 2017 మార్చిలో అరక్కోణంలో వీడ్కోలు తీసుకుంది. విశాఖకు తానే ఎగిరొచ్చింది. ఇక్కడ దాన్ని విడదీసి, బీచ్ రోడ్డుకు తెచ్చి, మళ్లీ బిగించారు. ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మ్యూజియంగా మొదలైంది.

సముద్రం మీద తక్కువ ఎత్తులో తిరిగొచ్చిన విమానాన్ని మంచినీళ్లతో కడగడం నౌకాదళ స్థావరాల్లో నిత్యం జరిగే పని. ఉప్పు ఒంటి మీద ఆరకముందే పోవాలి. రిటైరైన విమానం పరిస్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. సర్వీసులో ఉండగా ఉప్పుగాలి కొన్ని గంటలే తగిలేది, ఆ వెంటనే స్నానం ఉండేది. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ ఉప్పుగాలే. ఆరుబయట నిలబెట్టిన ఏ సైనిక విమానానికైనా అసలు గండం ఇక్కడే ఉంది.

విమానం ఇనుము కాదు కదా, తుప్పెక్కడ పడుతుందని చాలామంది అనుకుంటారు. విమానాల పైరేకు అల్యూమినియంలో కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిపి చేసిన మిశ్రమం. బలం కోసం కలిపిన ఆ రాగే ఉప్పు తగిలినప్పుడు శత్రువవుతుంది. దగ్గరికెళ్లి, రేకులను కలిపి బిగించిన ఒక రివెట్ చుట్టూ చూడండి. ముందు రంగు చిన్న పొక్కులా లేస్తుంది. గోటితో గీకితే కింద సున్నం లాంటి తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి ఒకప్పుడు రేకే. పుచ్చు పన్నులో లాగా పైన సూది బెజ్జమంత కనిపిస్తే లోపల అంతకంటే చాలా ఎక్కువ తినేసి ఉంటుంది. ఇంకా ముదిరితే లోహం మడత కాజాలా పొరలు పొరలుగా విడిపోతుంది. స్టీలు బోల్టు అల్యూమినియాన్ని తాకే చోట, రెక్క మొదట్లో వాననీళ్లు నిలిచే మూలల్లో, పక్షులు గూళ్లు పెట్టుకున్న ఖాళీల్లో జబ్బు తొందరగా ముదురుతుంది.

మన దగ్గర దీనికి చేసే వైద్యం రంగు వేయడం. ఏ వేడుకో వస్తుందంటే హడావుడిగా ఒక కోటింగ్ కొట్టేస్తారు. పాత పొడిని గీకకుండా, ఉప్పును కడగకుండా వేసిన రంగు తేమను లోపలే బంధిస్తుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ఫొటోలో విమానం మెరుస్తుంది, ఆ మెరుపు కింద తినడం సాగుతూనే ఉంటుంది.

అసలు వైద్యానికి ఎంత ఓపిక కావాలో ఇంగ్లండ్‌లోని కాస్‌ఫర్డ్ వైమానిక మ్యూజియంలో చూడొచ్చు. 1940లో కూలిన జర్మన్ బాంబర్ డోర్నియర్ 17ను 2013 జూన్‌లో ఇంగ్లిష్ ఛానల్ అడుగు నుంచి పైకి తీశారు. ఆ రకంలో దాదాపు పూర్తి రూపంతో మిగిలింది అదొక్కటే. సముద్రం అడుగున డెబ్భై ఏళ్లకు పైగా ఉన్న లోహం గాలి తగిలిన క్షణం నుంచి వేగంగా పాడవుతుంది. అందుకే ప్లాస్టిక్ గుడారాల్లో పెట్టి, పలచటి సిట్రిక్ యాసిడ్ ద్రావణాన్ని కొన్నేళ్లపాటు చిలకరిస్తూ ఉప్పును బయటికి లాగారు. సిట్రిక్ యాసిడ్ అంటే మనింట్లో నిమ్మరసంలో ఉండేదే. తర్వాత కూడా దాన్ని కొత్తదానిలా మార్చాలని చూడలేదు. దెబ్బలు దెబ్బల్లాగే ఉంచారు. ఆ నిర్ణయం మాకు గొప్పగా అనిపిస్తుంది.

ఈ పని మనకు రానిదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వాళ్లు వెళ్తూ వెళ్తూ కాన్పూర్‌లో లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎగరకుండా కావాలనే పాడుచేసి వదిలేశారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్‌ఏఎల్) ఇంజనీర్లు వాటిలో దాదాపు 40 విమానాలకు ప్రాణం పోశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని కాన్పూర్ నుంచి బెంగళూరుకు నడిపారు. మన వైమానిక దళంలో అవి 1968 దాకా ఎగిరాయి. ఇప్పుడు బ్రిటన్, అమెరికా మ్యూజియాల్లో జాగ్రత్తగా దాచుకున్న కొన్ని లిబరేటర్లు మనం బతికించి ఇచ్చినవే. నిన్నమొన్నటి సంగతి చూసినా, పారేసిన సామానులా పడి ఉన్న ఒక డకోటా రవాణా విమానాన్ని అప్పటి ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ 2011లో కొని, ఇంగ్లండ్‌లో బాగుచేయించి వైమానిక దళానికి ఇచ్చారు. 2018లో ‘పరశురామ’ పేరుతో అది ఎగురుకుంటూ మన దేశానికి వచ్చింది. ఆయన తండ్రి అదే రకం విమానాలు నడిపిన పైలట్.

ఇప్పుడే ఇదంతా ఎందుకంటే, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు చివరి వీడ్కోలు జరిగింది. అరవై ఏళ్లకు పైగా సేవ చేసిన విమానాలవి. వాటి ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలో హైదరాబాద్ హెచ్‌ఏఎల్ చేతులున్నాయి. కాలేజీలు, కార్పొరేషన్లు మాకూ ఒక విమానం ఇవ్వండని అడగడం సహజం. అడగాలి కూడా. కానీ ఇచ్చే ముందు రక్షణ శాఖ ఒక్క ప్రశ్న వేయాలి: దీనికి పైకప్పు ఏది? షెడ్డు, ఏటా మెయింటెనెన్స్‌కు విడిగా డబ్బు, బాధ్యత పడే ఒక మనిషి పేరు కాగితం మీద లేకపోతే విమానం ఇవ్వకూడదు. ఆరంభ శూరత్వానికి మనం ఇప్పటికే పెద్ద మూల్యం చెల్లించాం. 1971 యుద్ధ వీరనౌక, విమానవాహక నౌక విక్రాంత్ ముంబైలో మ్యూజియంగా ఉండి, భద్రత లేదంటూ 2012లో మూతపడింది. రెండేళ్లకు పాత ఇనుము కింద పోయింది.

టీయూ-142 రెక్కల వెడల్పుకు షెడ్డు వేయడం తేలిక కాదని మాకూ తెలుసు. హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు కాబట్టి బీచ్‌లో కప్పు వేయాలంటే భయమూ ఉంటుంది. అందుకని ఆరుబయట ఉన్న చిన్న విమానాలను, హెలికాప్టర్లను ముందు కప్పు కిందకు చేర్చాలి, అవసరమైతే తీరానికి దూరంగానైనా సరే. పెద్దదానికి కనీసం క్రమం తప్పకుండా మంచినీటి స్నానం చేయించాలి. రేకుల కింద నీళ్లు పోయే రంధ్రాలు పూడిపోకుండా చూడాలి. మ్యూజియం టికెట్ల డబ్బులో కొంత ఈ పనికే కేటాయించాలి. ఏడాదికోసారి నౌకాదళ టెక్నీషియన్లు రివెట్ రివెట్ చూసి ఇచ్చిన రిపోర్టును గేటు దగ్గర అందరికీ కనపడేలా పెట్టాలి. ఈ విమానానికి సర్వీసు చేసిన మెకానిక్‌లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఏ మూలలో నీళ్లు నిలుస్తాయో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తర్వాతి తుపాను సీజన్ లోపు వాళ్లను పిలిచి, మొదటి తనిఖీ వాళ్లతోనే చేయించాలి.