ఒక ‘దేన్’ పెట్టిన చిచ్చు

ఉమ్మడి కుటుంబాలు ఎందుకు చెదిరిపోతున్నాయని పెద్దలు చాలాకాలంగా బాధపడుతున్నారు. సీరియళ్ళు అన్నారు, సెల్‌ఫోన్లు అన్నారు, హైదరాబాద్ ఉద్యోగాలు అన్నారు. అసలు కారణం ఎనిమిదో తరగతి ఇంగ్లీష్ వర్క్‌షీట్ రెండో పేజీలో ఉందని మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. మొన్న కనుమ నాడు మా ఇంట్లో, గారెలు తిన్న అరగంటకి, ఆ పని నా వల్ల జరిగింది. సమాజ హితం కోరి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

సంక్రాంతి సెలవులిస్తూ స్కూలువాళ్ళు మా అమ్మాయికి ఒక కాగితం ఇచ్చారు. కుటుంబ సభ్యుల గురించి కంపేరిటివ్ డిగ్రీలో, అంటే ‘దేన్’ పెట్టి ఒకరిని ఇంకొకరితో పోలుస్తూ, పది వాక్యాలు, కెన్, మే, మస్ట్ లాంటి మోడల్ వెర్బ్స్‌తో పది వాక్యాలు రాసుకురావాలి. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉందో చూడండి. గడ్డివాములో పడ్డ అగ్గిపుల్ల కూడా చూడ్డానికి ఇంతే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం హాల్లో చాప మీద అందరం ఉన్నాం. మా తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లాడు హైదరాబాద్ నుంచి వచ్చారు. మా అమ్మ కుర్చీలో కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తోంది. ‘పిల్ల ఇంగ్లీష్ ఎంత బాగా చదువుతుందో వినండి’ అని నేనే అన్నాను. ఆ వాక్యంలో మోడల్ వెర్బ్ లేకపోయినా అదే అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యమని తర్వాత తేలింది.

మొదటి వాక్యం: ‘బాబాయ్ ఈజ్ రిచర్ దేన్ మై ఫాదర్.’ అందరూ నవ్వారు. తమ్ముడు మొహమాటపడి, ‘అదేం లేదు తల్లీ, అన్నీ ఈఎంఐలే’ అన్నాడు. రెండోది: ‘అవర్ హౌస్ ఈజ్ ఓల్డర్ దేన్ నానమ్మ.’ మా అమ్మకి అర్థం చెబితే, ‘ఇల్లు నా పెళ్ళయ్యాక కట్టిందే’ అని చరిత్రని సవరించింది. మూడోది: ‘పిన్నీస్ గారెలు ఆర్ సాఫ్టర్ దేన్ అమ్మాస్ గారెలు.’

ఇక్కడ ఎవరూ నవ్వలేదు. వంటింట్లోంచి ఒక గిన్నె చప్పుడు మాత్రం వినిపించింది. పప్పు రుబ్బింది తానేనని, మరదలు వేయించడం వరకే చేసిందని మా ఆవిడ ఆ గిన్నె ద్వారా తెలియజేసింది.

నాలుగోది చదివేముందు నేను ఆపి ఉండాల్సింది. ‘నానమ్మ లవ్స్ బాబాయ్ మోర్ దేన్ నాన్న.’

వ్యాకరణ రీత్యా ఈ వాక్యానికి రెండర్థాలున్నాయి. నానమ్మకి నాన్న మీదకంటే బాబాయి మీద ప్రేమ ఎక్కువ, ఇది ఒకటి. బాబాయిని నాన్న ప్రేమించే దానికంటే నానమ్మ ఎక్కువగా ప్రేమిస్తుంది, ఇది రెండోది. డిగ్రీలో స్పెషల్ ఇంగ్లీష్ చదివినవాణ్ణి కాబట్టి, అమ్మ మొహం చూసి, రెండో అర్థమే సరైనదని నిరూపించబోయాను. నిరూపించాను కూడా. దాంతో అమ్మ బయటపడింది, నాకు తమ్ముడి మీద ప్రేమ తక్కువని తేలింది. తమ్ముడు చాప మీంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

ఇక్కడ కాసేపు కథ ఆపి శాస్త్రంలోకి వెళ్ళాలి.

తెలుగులో కంపేరిటివ్ డిగ్రీ అనేది లేదు. ఉన్నది పంచమీ విభక్తి. వలనన్, కంటెన్, పట్టి. చిన్నప్పుడు బెత్తం దెబ్బలతో బట్టీపట్టిన ఈ మూడింట్లో ఆ మధ్యదే మన పోలిక వ్యవహారమంతా చూసుకుంటుంది. ఈ చెరువు పెద్దది, ఆ చెరువు కంటే పెద్దది, అన్ని చెరువుల కంటే పెద్దది. మూడుచోట్లా ‘పెద్దది’ కదల్లేదు, మెదల్లేదు, తోక పెంచుకోలేదు. మన విశేషణం నిండుకుండ. ఇంగ్లీష్ విశేషణం అలా కాదు, పక్కవాణ్ణి చూడగానే ఒళ్ళు పెంచేస్తుంది. బిగ్ బిగ్గర్ అవుతుంది, బిగ్గెస్ట్ అవుతుంది. పేరు మరీ పొడుగైతే తాను కదలలేక ముందు ‘మోర్’ అనే బంట్రోతుని పెట్టుకుంటుంది. మా తమ్ముడు ‘మోర్ బెటర్’ అంటాడు, అంటే బెటర్‌కి కూడా బంట్రోతు. తప్పంటే షేక్స్‌పియర్ కూడా ఒక నాటకంలో అలాగే రాశాడని చూపిస్తాడు. రాసిన మాట నిజమే. అయితే షేక్స్‌పియర్‌కి అప్రైజల్ లేదు.

సంస్కృతం దగ్గర మనం అప్పు తెచ్చుకున్న తోకలు రెండున్నాయి, తర, తమ. మొదటిది కంపేరిటివ్, రెండోది సూపర్‌లేటివ్. పేపర్లో ఉద్యమం ‘తీవ్రతరం’ అవుతూ ఉంటుంది. నలభై ఏళ్ళుగా పేపర్ చదువుతున్నాను, ఎక్కడా ‘తీవ్రతమం’ కాలేదు. ఆ ‘తమ’ అంతా ఫ్లెక్సీలకి వెళ్ళిపోయింది. ‘ప్రియతమ నాయకులు’ అంటే అందరికంటే ఎక్కువ ప్రియమైనవారు. లెక్కప్రకారం ఊరికి ఒక్కరే ఉండాలి. మా సెంటర్‌లో ఒకే ఫ్లెక్సీ మీద పదకొండుమంది ప్రియతములు, మూలన గుండ్రంలో మరో ముగ్గురు ఉన్నారు. ఆ ఫ్లెక్సీ కింద వేసిన స్టేజి మీంచే ఒక ప్రియతముడు, తరతమ భేదాలు లేని సమాజం కావాలని మైకులో కోరుతుంటే నేను స్వయంగా విన్నాను. వ్యాకరణం తెలిసినవాళ్ళు ఆ సభలో ఇంకెవరూ ఉన్నట్టు లేదు, అందరూ చప్పట్లు కొట్టారు.

కార్పొరేట్ కాలేజీల ప్రకటనలూ ఇంతే. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని టీవీ గుక్కతిప్పుకోకుండా అరుస్తుంటే, ఫస్ట్ అనే మాటకి బహువచనం తయారుచేసిన ఘనత మనదేనని ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక మా తరం డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ ఎలా నేర్చుకుందో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. ‘వెరీ ఫ్యూ సిటీస్ ఇన్ ఇండియా ఆర్ యాజ్ బిగ్ యాజ్ హైదరాబాద్.’ దీన్ని కంపేరిటివ్‌లోకి, అక్కణ్ణుంచి సూపర్‌లేటివ్‌లోకి, మళ్ళీ పాజిటివ్‌లోకి తిప్పాలి. దోసె తిప్పినట్టు తిప్పేవాళ్ళం. అప్పటికి నేను హైదరాబాద్ చూడలేదు, మా మాస్టారూ చూడలేదని అనుమానం. లోహాల్లోకెల్లా ఉపయోగకరమైనది ఇనుమని ఇంకో వాక్యం ఉండేది. ఇంట్లో గట్టిగా చదువుతుంటే మా అమ్మ అర్థం అడిగి, ‘మీ మాస్టారికి ఆడపిల్లలు లేరేమో’ అంది. ఆవిడ లెక్కలో ఆ లోహం పసుపు రంగులో ఉంటుంది.

ఇంతకీ నాకు తట్టిన విషయం ఏమిటంటే, విశేషణంలో తరతమాలు లేని మనం వాటిని చుట్టరికంలో దాచుకున్నాం. ఇంగ్లీష్‌వాడికి బ్రదర్ ఉంటాడు, అంతే. పెద్దో చిన్నో చెప్పాలంటే ‘ఎల్డర్’ అని విడిగా తగిలించుకోవాలి. మనకి అన్న అంటే అందులోనే పెద్దరికం ఉంది, తమ్ముడు అంటే అందులోనే సర్దుకుపోవడం ఉంది. అక్క, చెల్లి, పెదనాన్న, పిన్ని, తోడికోడళ్ళలో పెద్దామె, చిన్నామె, అన్నీ పుట్టుకతో కంపేరిటివ్ డిగ్రీలే. అందుకే ఎవరూ ఎవరితోనూ పోల్చుకున్నట్టు పైకి కనపడకుండా వందల ఏళ్ళు నెట్టుకొచ్చాం. ఆ ‘దేన్’ వచ్చి, లోపల ఉన్నదాన్ని చాప మీద పెట్టింది.

సరే, కథలోకి.

నీళ్ళు తాగి మా అమ్మాయి రెండో భాగం మొదలుపెట్టింది. అడ్డుపడే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే అడ్డుపడినవాళ్ళ మీదే తర్వాతి వాక్యం ఉందేమోనని భయం.

మోడల్ వెర్బ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు పెళ్ళిలో మేనమామని తలుచుకోండి. సొంతంగా ఏ పనీ చేయడు. వడ్డించడు, గిన్నెలు మోయడు, చేతులు వెనక్కి కట్టుకుని ‘అది చెయ్యాలి, ఇది చెయ్యకూడదు’ అంటూ తిరుగుతాడు. పని చేసే క్రియ వేరే ఉంటుంది, పక్కన చెమటలు కక్కుతూ. మోడల్ వెర్బ్ ‘ఎస్’ తగిలించుకోదు, ‘టూ’ని దగ్గరికి రానివ్వదు. ఆ బంధువర్గంలో ఒక్క ‘ఆట్’ మాత్రమే ‘టూ’ని వెంటేసుకుని తిరుగుతుంది, అందుకే దాన్ని ఎవరూ ఎక్కువగా పిలవరు.

మన ఊళ్ళలో పిల్లలకి వచ్చే మొదటి మోడల్ వెర్బ్ ‘మే’. అయితే దాన్ని విడిగా ఎవరూ చూడలేదు. ‘మేకమిన్ సార్’ అనేది ఒకే మాట, అందులో ఉన్నది మేకే అని నేను నాలుగో తరగతి దాకా నమ్మాను. చదువు అయ్యాక అమీర్‌పేట వెళ్ళి, నెల రోజుల స్పోకెన్ ఇంగ్లీష్‌కి ఫీజు కట్టి, ఇంటర్వ్యూలో ‘ఐ కెన్ ఏబుల్ టు డూ’ అనడం నేర్చుకున్నాం. ఇంగ్లీష్‌వాళ్ళకి ఇది తప్పుగా కనిపిస్తుంది. ఉద్యోగం లేనివాడికి ఒక్క ‘కెన్’తో ధైర్యం చాలదని వాళ్ళకేం తెలుసు?

ఏడో మోడల్ వాక్యం దగ్గర ఇల్లు అంటుకుంది. ‘బాబాయ్ మే సెల్ ది సైట్.’

ఊరి చివర ఐదు సెంట్ల స్థలం ఉంది. నాన్న కొన్నది, అన్నదమ్ములిద్దరి పేరునా ఉంది. దాని గురించి మా ఆవిడా నేనూ రాత్రిళ్ళు మాట్లాడుకునే మాటలు గోడ అవతల హోంవర్క్‌గా మారుతున్నాయని మాకు తెలియదు.

‘మే అంటే?’ అంది అమ్మ, ఈనె తీయడం ఆపి.

‘అమ్మొచ్చు అని, నానమ్మా.’

ఈ ‘వచ్చు’ ఉంది చూశారూ, అచ్చం ఆ ‘మే’ లాంటిదే. అనుమతీ అదే, అనుమానమూ అదే. ‘అమ్మొచ్చు’ అంటే అమ్ముకోడానికి అభ్యంతరం లేదని ఒక అర్థం, ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా అమ్మేస్తాడేమోనని ఇంకో అర్థం. అమ్మకి మొదటి అర్థం వినిపించింది, ‘వాడికి పర్మిషన్ ఇవ్వడానికి నువ్వెవడివిరా, నేను బతికే ఉన్నాగా’ అని నా మీద పడింది. మరదలికి రెండో అర్థం వినిపించింది, ‘మేము అలాంటివాళ్ళమని పిల్లకి నేర్పించారన్నమాట, బావగారూ’ అంది. పర్మిషన్‌కీ పాసిబిలిటీకీ తేడా వివరించబోయాను. ‘నువ్వు వ్యాకరణం చెప్పకన్నయ్యా’ అన్నాడు కిటికీ దగ్గరినుంచి తమ్ముడు.

సాయంత్రమే బయల్దేరతామని వాళ్ళు బ్యాగులు సర్దుకున్నారు. అప్పుడు అమ్మ తన మోడల్ వెర్బ్ తీసింది. కనుమ నాడు కాకి కూడా కదలదు, కదలకూడదు. ఈ ‘కూడదు’కి పర్మిషన్, పాసిబిలిటీ లాంటి చిల్లర అర్థాలు లేవు. ఆ రాత్రి ఏడుగురం ఒకే కప్పు కింద ఎవరితో ఎవరం మాట్లాడకుండా మిగిలిన గారెలు తిన్నాం. అవి ఎవరు చేసినవో ఎవరూ అడగలేదు.

పడుకుని ఆలోచించాను. ఈ కంపేరిటివ్‌లూ మోడల్‌లూ రెండు పాఠాలని మనల్ని మభ్యపెట్టారు. మొదటిది ఎవరు పైనున్నారో చెబుతుంది. పైనున్నవాళ్ళు కిందివాళ్ళతో ఏ క్రియ వాడాలో రెండోది చెబుతుంది. ‘మస్ట్’ ఎప్పుడూ మెట్లు దిగే వస్తుంది. పైకి ఎక్కేటప్పుడు అదే ‘కుడ్ యూ ప్లీజ్’ అయిపోతుంది. మరి అందరికంటే పైనున్న ప్రభుత్వం తనకి తాను ఏ క్రియ వాడుకుంటుంది? అర్ధరాత్రి ఫోన్‌లో రాజ్యాంగం తెరిచాను. నిద్రపట్టనివాళ్ళకి ఇంతకంటే మంచి మోడల్ వెర్బ్స్ అభ్యాసం దొరకదు.

1950లో 45వ అధికరణం, పద్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య కోసం పదేళ్ళలోగా ప్రభుత్వం ‘షల్ ఎండీవర్’ అంది. అంటే చేసి తీరాలని కాదు, ప్రయత్నించి తీరాలని. ప్రయత్నం జరుగుతుండగా 1960 వచ్చింది, వెళ్ళింది. 2002లో 86వ సవరణతో 21ఏ అధికరణం వచ్చి ఆ ఎండీవర్ మాట లేకుండా, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ‘షల్ ప్రొవైడ్’ అంది. అమ్మయ్య అనుకుని వాక్యం చివరిదాకా వెళితే అక్కడ ‘యాజ్ ది స్టేట్ మే, బై లా, డిటర్మిన్’ అని ఉంది. ముందు ‘షల్’ కూర్చుంది, వెనక ‘మే’ నిలబడింది, గ్రూప్ ఫోటోలాగా. ఆ ‘మే’ తేలి విద్యాహక్కు చట్టం రావడానికి 2009 దాకా పట్టింది. అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. తేదీ గురించి నేనేమీ అనడం లేదు.

అయినా తెలుగువాడి దగ్గర ఉన్న మోడల్ వెర్బ్ ముందు ఇవన్నీ దిగదుడుపే. అది ‘చూద్దాం’. ఆఫీసులో ఫైలుకి, పెళ్ళిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్ళకి, చేబదులు అడిగిన స్నేహితుడికి, అన్నిటికీ అదే. షల్ కాదు, మే కాదు, మైట్ అంతకన్నా కాదు. ఇంగ్లీష్‌లోకి మార్చమంటే ఒకటే మాట ఉంది, ‘నో’. పొద్దున్నే బస్సెక్కుతూ తమ్ముడు, ఉగాదికి వస్తావా అని అమ్మ అడిగితే, అదే అన్నాడు.

సెలవులయ్యాక వర్క్‌షీట్ దిద్ది ఇచ్చారు. ‘సాఫ్టర్’ పక్కన టిక్కు. ‘మోర్ దేన్ నాన్న’ పక్కన టిక్కు, దాని మీద చిన్న స్టార్. ‘మే సెల్ ది సైట్’ పక్కన గుడ్. ఇన్ని నిజాల్లో ఒక్క తప్పూ దొరకనందుకు కాబోలు, అట్టడుగున ఎర్ర సిరాతో టీచర్‌గారు ఎప్పుడూ రాసే మూడు మాటలే రాశారు. ‘కెన్ డూ బెటర్.’ ఒక మోడల్ వెర్బ్, ఒక కంపేరిటివ్, మధ్యలో చేయాల్సిన పని.

మా ఆవిడ దాన్ని గట్టిగా చదివింది. అమ్మ అర్థం అడిగితే చెప్పింది. ఇద్దరూ కాగితం వైపు కాకుండా నా వైపు చూశారు. కింద పేరెంట్ సంతకం అని గీత ఉంటే, పెన్ను తీసుకుని పెట్టేశాను.