చిట్టెం రాళ్లే కదా అంటే ఎట్లా?

చిట్టెం అంటే ఇనుము కాచినంక మిగిలే మడ్డి. హెరిటేజ్ అనంగనే మనోళ్లకి కోటలు, గుళ్లే యాదికొస్తయి, ఇట్లాంటివి కాదు. రాజు కట్టించిందైతే టికెట్ పెట్టి చూపిస్తం, అదే కూలోళ్లు చెమటోడ్చిన జాగ అయితే ఎన్ని ప్లాట్లు పడతయో లెక్కేస్తం. వరంగల్ అజంజాహీ బట్టల మిల్లు సంగతే చూడండి, 1934ల మొదలైంది, 2002ల మూసేసిండ్రు, ఆ జాగ ప్లాట్లయింది. మా పెదనాయన ఇప్పటికీ మిల్లు సైరన్ ముచ్చట చెప్తడు, ఊరంతా దాంతోనే టైమ్ చూసుకునేదట.

మొన్న నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పోయిన. ఒకప్పుడు ఇక్కడి ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేటోళ్లు, ఇది నేను గొప్పకి చెప్పట్లే, వాయిసీ అనే ఇంగ్లీష్ డాక్టర్ కళ్లారా చూసి రాసిండు, 1832ల అచ్చయింది. ఇంగ్లీషోళ్లు వూట్జ్ అనేది ఈ ఉక్కునే, ఆ పేరు కూడా మన 'ఉక్కు'లోంచే పోయిందంటరు.

చేను గట్టు మీద ఒక పెంకు దొరికింది. ఒక పక్క గాజు పూసినట్టు మెరుస్తంది, విరిగిన అంచు చూస్తే నల్లటి మట్టిల సన్నగ వరి ఊక అచ్చులు! ఇది మూస పెంకు, మూస అంటే ఉక్కు కాచే మట్టి గిన్నె. మట్టిల ఊక కలిపి మూసలు చేసేటోళ్లు, కాలినంక ఊకల ఉన్న సిలికానే ఆ మూస అంత వేడికి పగలకుండ ఆపుతది. దాంట్ల ఇనుము వేసి, మట్టితోనే మూతి మూసి, తోలు తిత్తులు ఊదుకుంట ఒక పగలు ఒక రాత్రి కాసేటోళ్లు. కొలిమి ఎంత వేడెక్కిందో కమ్మరి కన్ను చెప్పాల్సిందే, వేరే మీటర్ లేదు.

ఇంగ్లండ్‌ల కోల్‌బ్రూక్‌డేల్ అని ఉంది, 1709ల అబ్రహం డార్బీ కోక్‌తో, అంటే కాల్చి తయారుచేసిన బొగ్గుతో, ఇనుము తీసిన కొలిమి. దాని మీద కప్పు వేసి మ్యూజియం పెట్టి చూసుకుంటుండ్రు, పక్కనే 1779 నాటి ఇనుప బ్రిడ్జి, యునెస్కో గుర్తింపు కూడ వచ్చింది. మన దగ్గర కనీసం ఒక బోర్డన్న పెట్టొద్దా?

ఆ చేను తాత నన్ను చూసి "ఏం ఏరుతున్నవ్ బిడ్డా, చిట్టెం రాళ్లేగా" అన్నడు. నాగలికి తగులుతున్నయని వాళ్ల నాయిన గంపలకొద్ది ఏరి గట్టుకి పోసిండంట. ఆయన్ని ఏమనాలె, ఎవరన్న వచ్చి చెప్తే కదా తెలిసేది. నాకొచ్చినంతల చెప్పిన, పెంకు అక్కడ్నే పెట్టిన. తాత దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఊక మా ఇంట్ల ఉన్నట్టే ఉంది గదా" అన్నడు.