కాగితాన్ని కూడా చదవాలండీ

ఇందాక భోజనాల దగ్గర, ఏళ్ల తరబడి చరిత్ర పాఠాలు చెప్పిన ఒక పెద్దాయన "కాగితంతో మనకేం పనమ్మా, అందులో ఏం రాసుందో చూస్తే చాలదూ" అనేశారు. పాత కాగితాలను చదివిన రష్యా చరిత్రకారుడు నికొలాయ్ లిఖచోవ్ గురించి నేను మొదలుపెట్టానో లేదో ఈ మాట. పెద్దవారని ఊరుకున్నాను గానీ ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

రాసినవాడు అబద్ధం రాయొచ్చు, తేదీ వెనక్కి వేయొచ్చు. కాగితం చేసినవాడికి ఆ అవసరం ఏముంది? పాత రోజుల్లో గుజ్జు వడకట్టే జల్లెడ మీద తీగతో ఎద్దు తలో, చెయ్యో, కూజానో కుట్టేవాళ్లు. కాగితాన్ని వెలుగుకు పట్టుకుంటే ఆ బొమ్మ కనిపిస్తుంది, దాన్నే వాటర్‌మార్కు అంటారు. వాడగా వాడగా తీగ వంగిపోతుంది. తేదీ ఉన్న పత్రంలో అదే ఎద్దు తల, అదే వంకరతో దొరికిందంటే, తేదీ లేని రాతప్రతి వయసు కొద్ది ఏళ్ల తేడాలో తేలిపోతుంది. 1899లో లిఖచోవ్ అచ్చు వేయించిన వాటర్‌మార్కులు నాలుగు వేలకు పైనే. స్విట్జర్లాండ్ ఆయన బ్రికే వాటర్‌మార్కుల పుస్తకం వచ్చింది 1907లో. అయినా అందరి నోటా బ్రికే పేరే! ఇక్కడ లిఖచోవ్ అంటే పాత రష్యన్ సాహిత్యం మీద రాసిన ద్మిత్రీ లిఖచోవ్ అనుకుంటారు. ఆయన వేరు, ఈయన వేరు.

బాబిలోనియా మట్టిపలకల నుంచి బైజాంటైన్ సీసపు ముద్రల దాకా పోగేసిన మనిషి ఈయన. అక్కడి సైన్సెస్ అకాడమీ ఆ సేకరణతోనే ఒక మ్యూజియం పెట్టింది. 1930లో సోవియట్ పోలీసులు ఆయన్నే అరెస్టు చేశారు. ఆ కేసుకి సాకు ఏమిటో తెలుసా? రష్యా చివరి జార్ రెండో నికొలాయ్ సింహాసనం వదులుకున్న కాగితం లాంటివి అకాడమీలో దొరికాయట! పత్రాలు భద్రంగా ఉంచడం నేరమైపోయింది. లిఖచోవ్‌ను ఆస్త్రఖాన్‌కు పంపించేశారు, అకాడమీ జాబితాలోంచి పేరు కొట్టేశారు. 1936లో పోయారు. 1968లో గానీ ఆ పేరు మళ్లీ జాబితాలోకి ఎక్కలేదు. సేకరణ ముక్కలైంది. ముద్రలు హెర్మిటేజ్ మ్యూజియానికి వెళ్లాయి, పత్రాలు కొన్ని ఆయన సొంత ఇంట్లోనే ఉన్న చరిత్ర ఇన్‌స్టిట్యూట్‌లో మిగిలాయి.

అక్కడ పోలీసులు చేసింది, ఇక్కడ మనం స్కానర్ పెట్టి చేసుకుంటున్నాం. మా వైపు ఒక ఆఫీసులో పాత రిజిస్టర్లు నలుపు తెలుపు స్కాన్ తీసి, అంచులు కత్తిరించి, అసలువి తూకానికి అమ్మేశారు. అడిగితే "పీడీఎఫ్ ఉంది కదండీ" అన్నారు. పీడీఎఫ్‌ని వెలుగుకు ఎలా పట్టుకోమంటారు? 1794 తర్వాత ఇంగ్లండ్ నుంచి ఎగుమతయ్యే కాగితానికి పన్ను వాపసు రావాలంటే తయారైన సంవత్సరం వాటర్‌మార్కులోనే ఉండాల్సి వచ్చేది. కంపెనీ కాలపు కాగితాల్లో ఆ అంకెలు ఇప్పటికీ చదవొచ్చు. 1790 నాటి దస్తావేజు అని కోర్టులో పెట్టిన కాగితంలో 1803 అని కనిపిస్తే అది దొంగదని చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. ఆ సాక్ష్యాన్ని కిలోల లెక్కన అమ్మేసిన ఆఫీసుల్లో ఒక్కరి మీదైనా చర్య తీసుకున్నారా? స్కానింగ్‌కి కోట్లు కేటాయిస్తారే, వెనకనుంచి లైటు వేసి ఇంకో ఫొటో తీసి, అసలు కాగితాన్ని బీరువాలో దాచడానికి ఏమొచ్చింది?