పాలపీక చిల్లు

1992లో దత్తత చట్టం అమల్లోకి వచ్చింది మొదలు, 2020లో కోవిడ్ వచ్చి విదేశీ దత్తతలు నిలిచిపోయేదాకా (2024లో చైనా వాటిని దాదాపుగా ఆపేసింది), చైనా పిల్లల కోసం అమెరికా దంపతులు గుంపులుగా వెళ్లేవారు. కాగితాల విషయంలో వాళ్లను మించినవాళ్లు లేరు. నోటరీ ముద్ర, దానిమీద రాష్ట్రం ముద్ర, ఆపైన చైనా కాన్సులేట్ ముద్ర. అనాథాశ్రమానికి ఇవ్వాల్సిన మూడు వేల డాలర్లు కొత్త వంద నోట్లుగా, ముప్ఫై కాగితాలూ నడుము సంచిలో. నోటు నలిగితే తీసుకోరని భయం. అందుకని విమానంలో చెప్పు జారినా వంగకుండా కాలితోనే వెతుక్కునేవారు.

ఇంత ముందుచూపూ చైనాలోని చాంగ్షా నగరంలో హోటల్ గదిలో పాలసీసా దగ్గర బోర్లా పడేది.

పిల్లను చేతిలో పెట్టగానే బట్టలు విప్పడం ఒక ఘట్టం. ఉల్లిపాయలా పొర కింద పొర, అయిదో పొరకి పిల్ల సగానికి తగ్గేది. అడుగున చైనా పద్ధతి ప్యాంటు, మధ్యలో కుట్టు ఉండదు. ఎందుకుండదో డైపర్ వెతికేలోపే తెలిసొచ్చేది.

ఇక ఆకలి. అమెరికా నుంచి తెచ్చిన సీసాకి గాలి పోకుండా, పాలు నెమ్మదిగా వచ్చే ఖరీదైన పీక. అందులో గోరువెచ్చని పల్చటి పాలు. పిల్ల రెండుసార్లు చప్పరించి, విల్లులా వెనక్కి విరుచుకుని, పైకప్పు లేచిపోయేలా ఏడ్చేది. ఒక గదిలో ఎత్తుకుంటే పక్క గది అందుకునేది. పదో గదికల్లా భజన. ‘నేను నచ్చలేదేమో’ అని తల్లి కూడా ఏడుపు మొదలుపెట్టేది.

నచ్చనిది తల్లి కాదు, చిల్లు. ఆశ్రమంలో ఒక్కో ఆయా చేతికింద బోలెడంతమంది పిల్లలు. (అక్కడ వాళ్లను ‘ఆయీ’ అంటారు, అంటే పిన్ని. మన ఆయాకి చుట్టం కాదు గానీ వరస కలిసింది.) సీసా గబగబా ఖాళీ కావాలి కనక పీక చిల్లు పెద్దది చేసేవాళ్లు. పాలు బాగా వేడిగా, బియ్యప్పిండి కలిపి జావలా చిక్కగా ఉండేవి. అలవాటైన నోటికి చుక్కా చుక్కా రాలే గోరువెచ్చటి పాలు ఏమానతాయి?

సంగతి తెలిశాక తండ్రులు రంగంలోకి దిగేవారు. పిండి కలిపిన పాలు నిలవున్నకొద్దీ చిక్కబడతాయని తెలియక, ముందు పాలు కలిపి తర్వాత కత్తెర వెతికేవారు. కత్తెర దొరికేసరికి సీసాలో సంకటి. పైగా మరిగే నీళ్లలో పాలపొడి ఉండకట్టి ఉన్న చిల్లుకీ బిరడా. దాంతో ఉక్రోషం వచ్చి ఇంకో గాటు పెడితే సీసా కాస్తా కుళాయి అయ్యేది, పిల్లకి పొలమారేది. తెలివైన గైడు మొదటిరోజే వీధి చివరి కొట్లో పెద్ద చిల్లు పీకలు రెండేసి కొనిపించేవాడు. తండ్రుల ఇంజనీరింగు మీద అతనికి నమ్మకం ఉండేది కాదు.

పిల్లల అమెరికా వీసాల కోసం గ్వాంగ్‌జౌ నగరం చేరేసరికి ఉక్కపోత. సాక్సు లేని పిల్ల పాదం కనిపిస్తే చాలు, జలుబు చేస్తుందని దారినపోయే బామ్మలు ఆపి మరీ చీవాట్లు పెట్టేవారు. భాష రాకపోయినా తిట్లు అర్థమయ్యేవి.

చివరికి షామియాన్ దీవిలోని వైట్ స్వాన్ హోటల్లో, ఎర్ర సోఫా మీద పట్టుగౌన్ల పిల్లల గ్రూపు ఫొటో. దత్తత తల్లిదండ్రులకి హోటల్లో కానుకగా ఇచ్చే ‘గోయింగ్ హోమ్ బార్బీ’ బొమ్మ ఊపితే చూస్తారని ఆశ. మొదటివాళ్లని నిలబెట్టేలోపు చివరివాళ్లు ఒరిగిపోయేవారు, ఒకరి బూటు ఇంకొకరి నోట్లో. సరిగ్గా అందరూ ఇటు చూసిన ఆ ఒక్క క్షణాన, ఎవరో మరిచిపోయి పిల్ల చేతిలోనే ఉంచిన సీసా తలకిందులయ్యేది. అది నాన్నగారు రెండో గాటు పెట్టిన సీసా.