రెండు ముక్కలు చెప్పబోయి

"భోజనాలకు ముందు గంట ఖాళీగా ఉంది, పిల్లలకు డేటా గురించి రెండు ముక్కలు చెప్పండి" అని ఫోను పెట్టేశారు ఆ సారు. ఏ డేటా, ఎవరి పిల్లలు అని అడిగే వ్యవధి ఇవ్వలేదు. రావలసినవారెవరో రాలేదన్నమాట. నేను హనుమకొండలో ఒక గ్రంథాలయంలో పనిచేస్తాను. పుస్తకాలకు నంబర్లు వేసేవాడికి పురావస్తు, మానవశాస్త్రాల పీజీ విద్యార్థులకు పాఠం చెప్పడం ఒక లెక్కా అని ఆయన ఉద్దేశం. నేను రెండు ముక్కలతో ఆగలేదు. మూడు పట్టుకుపోయాను.

ఆ మూడూ పాత కుండ పెంకులు. బోధన కోసం విభాగంలో ఉంచిన డబ్బాలోంచి ముందురోజు సాయంత్రం అరువు తెచ్చాను. డబ్బాకు ఒక రిజిస్టరు, రిజిస్టరుకు ఒక గుమాస్తా, గుమాస్తాకు ఒక ఎర్ర పెన్ను ఉన్నాయి. తేదీ, సంతకం, ఫోను నంబరు, మళ్లీ సంతకం. నా గురించి ఇంత రాయించుకున్న మనిషి వాటి గురించి మాత్రం "పెంకులు - 3" అని ఊరుకున్నారు. ఏ ఊరివి, ఏ గుంతలో, ఏ పొరలో దొరికాయి? పెంకు లోపలివైపు సిరాతో సన్నగా రాసి ఉండాలి కదా? "ఎప్పుడో చెరిగిపోయాయండీ" అన్నారు, ఎండాకాలంలో చెరువు ఎండిపోయిందని చెప్పినంత సహజంగా. పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని లోలోపల సంతోషించి, పాత వార్తాపత్రికలో చుట్టి ఇంటికి తెచ్చి వరండా గట్టు మీద పెట్టాను.

నిన్న క్లాసు బాగానే మొదలైంది. డేటా దొరకాలి, అందాలి, వేరే డేటాతో కలవాలి, మళ్లీ పనికిరావాలి అని 2016లో శాస్త్రవేత్తలు చెప్పిన నాలుగు సూత్రాలు బోర్డు మీద రాశాను. ప్రతి ఫైలుకు మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే చోట అన్నాను. 03-04 అని తేదీ వేస్తే అది ఏప్రిల్ మూడో, మార్చి నాలుగో బ్రహ్మకు కూడా తెలియదన్నాను. మేడారంలో ఒక పెద్దామె చెప్పిన కథ రికార్డు చేశారు సరే, ఆమె అనుమతి ఎక్కడ దాచారని అడిగితే మానవశాస్త్రం వరుస తలలు దించుకుంది. నాకు ఊపు వచ్చింది. పొట్లం విప్పి ఒక పెంకు పైకెత్తి, "చిరునామా లేని పెంకు ఉత్త చెత్త" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో.

పెంకులు చేతులు మారాయి. ముందు బెంచీలో కళ్లద్దాల అబ్బాయి ఎర్రటి పూత మీద తెల్లని గీతలు చూసి నిటారుగా కూర్చున్నాడు. "సార్, రస్సెట్ కోటెడ్ పెయింటెడ్ వేర్! శాతవాహనుల నాటిది కావచ్చు." ఆ రకం కుండలకు ఎర్రమట్టి పూత, తెల్లని గీతలు ఉంటాయట. ముందే తెలిసినట్టు తల ఊపాను; ఇరవై ఏళ్ల గ్రంథాలయ సేవలో బాగా వంటబట్టిన విద్య అదొక్కటే. రెండో పెంకు అంచున అర్ధచంద్రాకారంలో ఒక చిల్లు. దామరవాయి వెళ్లి రాతి సమాధులు చూసివచ్చిన ఇంకో అబ్బాయి, బృహత్ శిలాయుగపు సమాధుల పలకలకు కూడా గుండ్రటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఇది ఆత్మ రాకపోకలకు సంబంధించినదేమో అన్నాడు. ఆత్మ అనేసరికి మానవశాస్త్రం వరుస తలలెత్తింది, అది తమ ఇలాకా అన్నట్టు. పది నిమిషాలు హోరాహోరీ చర్చ. బోధన అంటే ఇదీ అని నేను బల్లకు ఆనుకుని మురిసిపోతున్నాను. ఫోను చేసిన సారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. గంటసేపు అటువైపు తొంగిచూడని మనిషి సరిగ్గా అప్పుడే రావాలా?

వెనక బెంచీ అమ్మాయి పెంకును తిప్పి చూసింది. వేలితో రుద్దింది. వాసన చూసింది.

"ఏమీ అనుకోకండి సార్. మా ఇంట్లో కుండలు చేస్తారు."

"చెప్పమ్మా" అన్నాను, ఉదారంగా.

"ఇది జాజు సార్, చేతికి అంటుతోంది. తెల్లది ముగ్గు. చిల్లు నీళ్లు పోవడానికి. ఇది మొక్కల కుండీ."

ఆత్మ ఆ చిల్లులోంచే వెళ్లిపోయింది. సారు గడియారం చూసుకున్నారు.

మొన్న కోతులు మా తులసి కుండీని తోసేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చెత్త తీసేవాళ్ల చేతులు కోసుకుంటాయని అత్తమ్మ ఆ ముక్కలను పత్రికలో చుట్టి పెట్టారు. ఎక్కడ? అదే గట్టు మీద.

"మరి నేను తెచ్చిన పొట్లం ఏమైంది అత్తమ్మా?"

"అవా? గట్టి పెంకులు బాబూ. కొత్త కుండీ అడుగున చిల్లుకు అడ్డం పెట్టి మట్టి పోశాను. అంత ముఖ్యమైనవైతే పైన ఏదో ఒకటి రాసి పెట్టవద్దా?"

నాలుగో సూత్రం ఆవిడకు ఎవరూ చెప్పకుండానే వచ్చు. నేను కుండీ వైపు ఒక అడుగు వేశాను. శుక్రవారం పూట తులసిని పెళ్లగిస్తారా అని ఆవిడ అడ్డంగా నిలబడ్డారు.

ఈ ఉదయం జరిగింది చెప్పుకుందామని గుమాస్తా దగ్గరకు వెళ్లాను. పొట్లం ఇంకా సంచిలోనే ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆయన దాన్ని లాక్కుని విప్పి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఎర్ర పెన్ను తీశారు.

"అవి అవి కావండీ" అన్నాను.

"మూడే కదా రాసి ఉంది?" అని నా చేత రెండు చోట్ల సంతకం పెట్టించుకుని, డబ్బా మూత బిగించేశారు.