పేలియో వ్రతం శాస్త్రోక్తంగా ఆచరించుట ఎట్లనగా

పేలియో అంటే వ్యవసాయం రాకముందు ఆదిమానవుడు తిన్నట్టే తినాలనే ఆహార నియమం. ఆ దీక్ష పట్టినవారు అన్నం మానేశారు, పప్పు మానేశారు. చర్మం తీసిన చికెన్ బ్రెస్టు గ్రిల్ చేసుకుని, పక్కన నాలుగు బాదం గింజలు పెట్టుకుని, ఆదిమానవుడు తిన్నది ఇదేనని పెళ్లి పంక్తుల్లో కూడా ప్రవచనం చెబుతున్నారు. పేలియో దీక్షాపరుల భక్తిని శంకించడం మా ఉద్దేశం కాదు. మన ఒంట్లోనూ నూటికి ఒకటి రెండు పాళ్లు నియాండర్తల్ (ఏనాడో అంతరించిపోయిన మానవజాతి) డీఎన్ఏ ఉంది కనుక వారసత్వపు హక్కూ ఉంది. లోపమల్లా విధానంలోనే. సగం చేసిన వ్రతానికి ఫలం దక్కదు కదా, అందుకే ఈ నాలుగు సవరణలు.

ముందుగా నిప్పు. గ్యాస్ లైటరు ముట్టుకుంటే వ్రతభంగం. రెండు చెకుముకి రాళ్లు కొట్టుకుంటే మంట వస్తుందన్న బడిపాఠాన్నీ మరచిపోవాలి. అలా కొడితే మెరుపు కనిపిస్తుంది గానీ దూది అంటుకోదు, ఆ రవ్వకు వేడి చాలదు. తాతల కాలపు చెకుముకి సంచిలో ఉక్కుముక్క ఉండేది అందుకే. ఉక్కు లేని రోజుల్లో ఆ పని చేసింది పైరైటు, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. చెకుముకి చేతిగొడ్డలి చదును ముఖానికి దాన్ని కొట్టి లాగితే, రాలిన పొడి గాలిలో కాలుతూ రవ్వై పడుతుంది. ఫ్రాన్సులో దొరికిన సుమారు 50,000 ఏళ్ల నాటి గొడ్డళ్ల మీద ఆ గీతలు ఒకే దిశలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంగ్లండులోని బార్న్‌హామ్‌లోనైతే 4,00,000 ఏళ్ల నాటి కాలిన మట్టి, వేడికి పగిలిన గొడ్డళ్లు, వాటితో రెండు పైరైటు ముక్కలు బయటపడ్డట్టు 2025లో ప్రకటించారు. ఆ చుట్టుపక్కల పైరైటు అరుదు. పది నిమిషాల డెలివరీ లేదు కాబట్టి, ఎక్కడినుంచో వెతికి మోసుకొచ్చినదే.

రవ్వ పడేచోట బాగా ఎండిన పీచు ఉండాలి. పీచు చెమ్మగిల్లితే ఎంత కొట్టినా దండగ. పైరైటు కూడా తేమకు పాడై పొడిపొడిగా రాలిపోతుంది. ఎర్రటి చుక్క నిలిచాక మెల్లగా ఊదాలి. ఆత్రపడి ఊదితే చుక్కా పోతుంది, పీచూ పోతుంది.

ఓపిక తక్కువవారికి అడ్డదారి ఉంది. ఫ్రాన్సులోని పెష్ ద లాజే గుహలో అరగదీసిన నల్లటి మాంగనీస్ డయాక్సైడు గడ్డలు దొరికాయి. ఒంటికి రంగు పూసుకోవడానికని అనుకునేవారు. పొయ్యిలో బొగ్గు ఊరికే దొరుకుతుంటే నలుపు కోసం రాయి వెతకడమెందుకో ఎవరికీ అనుమానం రాలేదు కాబోలు. ఆ పొడి కలిపిన కట్టెపొట్టు 350 డిగ్రీలకు బదులు 250 దగ్గరే అంటుకుంటుందని 2016లో ప్రయోగం చేసి చూపించారు.

ఇంకో వెసులుబాటు. ఫ్రాన్సులోనే రోక్ ద మార్సాల్ గుహలో వెచ్చటి కాలపు పొరల నిండా పొయ్యిలే. ఎముకలు కొరికే చలి యుగపు పొరల్లో మాత్రం నిప్పు జాడ బాగా తక్కువ. నియాండర్తల్‌లకు నిప్పు పుట్టించడం రాదు, పిడుగు పడినప్పుడు తెచ్చుకునేవారని కొందరు పండితులు వాదిస్తారు. ఆ సంప్రదాయం వారికి డిసెంబరులో పచ్చిమాంసం శాస్త్రసమ్మతమే.

ఇక నైవేద్యం. చికెన్ బ్రెస్టును చూస్తే నియాండర్తల్ జాలిపడేవాడు. కొవ్వు లేని మాంసమే తింటూ పోతే ప్రోటీనును యూరియాగా మార్చలేక కాలేయం చేతులెత్తేస్తుంది. రోజుకు 300 గ్రాముల ప్రోటీను దాటితే వికారం, విరేచనాలు, ఎంత తిన్నా తీరని ఆకలి. కాబట్టి వ్రతంలో ప్రధాన ద్రవ్యం కొవ్వు. జర్మనీలోని నోయ్‌మార్క్-నోర్డ్‌లో 1,25,000 ఏళ్ల కిందట చెరువు గట్టున కనీసం 172 పెద్ద జంతువుల ఎముకలు పోగేసి, మూలుగ తీసి, మిగిలినవాటిని రాళ్లతో వేల ముక్కలుగా చితక్కొట్టి, నీళ్లలో కాచి కొవ్వు తీశారు. కుండ ఎక్కడిదంటారా? పాత్రలేవీ మిగల్లేదు గానీ, చెట్టుబెరడు దొప్పలో గానీ తోలులో గానీ నీళ్లు పోసి నేరుగా మంట మీద పెట్టవచ్చని ప్రయోగాల్లో తేలింది. నీళ్లున్నంత మేర కాలదు. మంట నీటిమట్టం దాటి పైకి ఎగబాకితే మాత్రం దొప్పతో సహా వంట ముగుస్తుంది. చితక్కొట్టడంలో బద్ధకిస్తే ఎముకలోని కొవ్వు ఎముకలోనే ఉండిపోతుంది. ముక్క ఎంత చిన్నదైతే కొవ్వు అంత తేలిగ్గా పైకి తేలుతుంది.

పప్పు మానేసినవారికొక దుర్వార్త. ఇరాక్‌లోని షనిదార్ గుహలో 70,000 ఏళ్ల నాటి మాడిన ముద్దల్ని సూక్ష్మదర్శిని కింద పెడితే, నానబెట్టి దంచిన అడవి పప్పుగింజలు కనిపించాయి. పొట్టు మొత్తం తీయలేదు, కాస్త చేదు ఉండనిచ్చారు. పప్పు మానేసి ఇన్నాళ్లూ పడ్డ కష్టం ఏ ఖాతాలో వేసుకోవాలో దీక్షాపరులే తేల్చుకోవాలి.

పరిమాణం విషయానికొస్తే, అదే నోయ్‌మార్క్-నోర్డ్‌లో 70కి పైగా ఏనుగుల్ని కోశారు. 10 టన్నుల ఏనుగు 25 మందికి మూడు నెలలు వస్తుంది. ఫ్రిజ్ నిషిద్ధం గనుక మూడో వారానికి మాంసం ఏ స్థితిలో ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. నియాండర్తల్ ఎముకల్లో నైట్రోజన్-15 (మాంసం తినేకొద్దీ ఒంట్లో పెరిగే బరువైన నైట్రోజన్ రకం) సింహాలతో పోటీపడేంత ఎక్కువ. మనిషి కాలేయం అంత మాంసం తట్టుకోలేదే, మరి ఈ లెక్కేమిటని చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నారు. కుళ్లిన మాంసం మీద పెరిగిన పురుగుల్లో ఆ నైట్రోజన్ ఇంకా ఎక్కువని 2025లో కొలిచి చూపారు. మాంసంతో పాటు పురుగుల్నీ తిని ఉంటే లెక్క సరిపోతుంది. పైగా పురుగులో కొవ్వు పుష్కలం, కనుక నియమానికి లోటు రాదు. దీక్షాపరులు వాటిని బాదం గింజల స్థానంలో, రోజూ తినే గుప్పెడు కొలతకే వాడుకోవచ్చు. క్యాలరీల యాప్‌లో పేరు కనబడకపోతే ‘ఇతర చిరుతిళ్లు’ కింద రాసుకుంటే సరి.